మట్కా రాయడం అంటే

కడప, కర్నూలు జిల్లా పేజీలు వరసగా కొన్నాళ్ళు చదివితే ఒక వార్త తప్పకుండా కంటబడుతుంది. ఫలానా వీధిలో మట్కా రాస్తున్న వ్యక్తి అరెస్టు, అతని దగ్గర ఇంత నగదు, ఇన్ని పట్టీలు స్వాధీనం. ఊరి పేరు మారుతుంది, వాక్యం మారదు. ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల, ఆదోని, ఎమ్మిగనూరు, పక్క జిల్లాలో గుంతకల్లు, తాడిపత్రి. పేకాట ఆడతారు, కోళ్ళ మీద పందెం కాస్తారు, లాటరీ టికెట్ కొంటారు. మట్కాను మాత్రం రాస్తారు. డబ్బు కట్టేవాడు ‘రాయించుకుంటాడు’, డబ్బు తీసుకునేవాడు ‘రాసుకుంటాడు’. జూదానికి ఈ క్రియ ఎలా అంటుకుందో చూస్తే మట్కా సంగతి సగం తెలిసినట్టే.

రాసుకునేవాణ్ణి బీటరు అంటారు. అతని పైన ఉండేది కంపెనీ. బీటరుకు వసూలులో కమీషన్. నంబరు రాసి ఇచ్చే కాగితం ముక్క పట్టీ, కొందరికి చీటీ. ముందు వచ్చే అంకె ఓపెన్, తర్వాత వచ్చేది క్లోజ్, రెండూ కలిస్తే బ్రాకెట్. ముంబైలో దీన్ని జోడీ అంటారు, మన వైపు బ్రాకెట్ స్థిరపడింది. కంపెనీ, కమీషన్, ఓపెన్, క్లోజ్, పట్టీ. ఈ మాటల్లో పాచిక లేదు, పేకముక్క లేదు, అదృష్టం అసలే లేదు. అన్నీ మండీ మాటలే. ఆదోని యార్డులో పత్తి, వేరుశనగ అమ్మిన రైతు చేతికి తూకం, ధర, కోతలు రాసిచ్చే కాగితాన్ని తక్‌పట్టీ అంటారు. సరుకు పట్టీ, నంబరు పట్టీ ఒకే బజారులో తిరిగే కాగితాలు. మట్కాను పోలీసులు జూదమంటారు, ఆడేవాళ్ళు లెక్క అంటారు, ఇంట్లో ఆడవాళ్ళు కొంపలు తీసే రోగమంటారు, సినిమా వాళ్ళు దాన్ని డాన్ కథగా తీస్తారు. నాకు మాత్రం అది ముందుగా వ్యాపారం. అదృష్టాన్ని సరుకు చేసి, చిల్లరగా అమ్మే వ్యాపారం. దాని మీద జరిగిన చర్చలో ఎక్కువ భాగం కొనేవాడి బలహీనత చుట్టే తిరిగింది, అమ్మేవాడి లాభం లెక్క ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

పుట్టుక కూడా పత్తి బజారులోనే. న్యూయార్క్ కాటన్ ఎక్స్ఛేంజిలో పత్తి ఏ ధరతో తెరుచుకుంది, ఏ ధరతో మూసుకుంది అన్న అంకెలు టెలిప్రింటరు మీద బొంబాయి కాటన్ ఎక్స్ఛేంజికి వచ్చేవి. ఆ అంకెల మీద పందేలు కట్టేవారు. పత్తి కొనక్కర్లేదు, అమ్మక్కర్లేదు, బేలు ముఖం చూడక్కర్లేదు. దాన్ని అంకడా జుగార్ అన్నారు. 1961లో న్యూయార్క్ నుంచి ఆ అంకెలు రావడం ఆగిపోయింది. అంకెలు ఆగాయి గాని కట్టే అలవాటు ఆగలేదు. కరాచీ నుంచి వలస వచ్చిన సింధీ రతన్ ఖత్రీ, ఊహాజనితమైన సరుకులకు ఓపెన్, క్లోజ్ అంకెలు తీసే పద్ధతి తెచ్చాడంటారు. అంకెలు రాసిన చీటీలను కుండలో వేసి ఒకటి తీయడం. ఆ కుండే మట్కా. కొన్నాళ్ళకు కుండ పోయి పేకముక్కలు వచ్చాయి, పేరు మాత్రం నిలిచింది. కచ్ నుంచి వచ్చిన కల్యాణ్‌జీ భగత్ 1962లో వర్లీ మట్కా మొదలుపెట్టాడు. 1964లో ఖత్రీ న్యూ వర్లీ మట్కా తెరిచాడు. బొంబాయి బట్టల మిల్లుల కార్మికులే మొదటి గిరాకీ. ఖత్రీ 2020 మే నెలలో చనిపోయాడు. కల్యాణ్ పేరు మాత్రం అంకెల చార్టుల మీద ఇవాళ్టికీ ఉంది.

ఇది సీమకు ఏ దారిన వచ్చిందో తెలుసుకోవాలంటే రైల్వే పటం ముందేసుకుంటే చాలనిపిస్తుంది. బొంబాయి నుంచి వచ్చిన లైను, మద్రాసు నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. రాయచూరు దాటి మద్రాసు వైపు దిగితే వరసగా తగిలేవి మంత్రాలయం రోడ్డు, ఆదోని, గుంతకల్లు, తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడప. ప్రొద్దుటూరు ఎర్రగుంట్లకు కూతవేటు దూరం. మట్కా వార్తల్లో పదే పదే కనిపించే ఊళ్ళ పేర్లు ఒక్కసారి మళ్ళీ చూడండి. ఆదోనిని రెండో ముంబై అంటారు. బంగారం, బట్టల వ్యాపారం చూసి ప్రొద్దుటూరునూ అదే మాట అంటారు. బేళ్ళు, బట్టలు, బంగారం, కూలికి పోయిన మనుషులు ఈ లైను మీదే పోయి వచ్చారు. పత్తి ధర మీద పుట్టిన జూదం పత్తి ఊరికి చేరడానికి ఇంకో దారి వెతకనక్కర్లేదని నా అంచనా.

ఆట తీరు చెప్పుకుందాం, ఎందుకంటే దీన్ని తిట్టేవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల్లోంచి మూడు తీస్తారు. 3, 5, 6 వచ్చాయనుకోండి. కూడితే 14. చివరి అంకె 4. అది ఓపెన్. కొన్ని గంటల తర్వాత ఇంకో మూడు తీస్తారు, వాటి కూడిక చివరి అంకె 8 అయితే అది క్లోజ్. బ్రాకెట్ 48. ఒక్క అంకె మీద కట్టి అది తగిలితే రూపాయికి తొమ్మిది ఇవ్వడం ముంబై రివాజు. బ్రాకెట్ తగిలితే రూపాయికి తొంభై. మన ఊళ్ళకు వచ్చేసరికి రూపాయికి ఎనభై అని, డెబ్బై అని వార్తల్లో చూస్తుంటాం. మూడు అంకెల వరసనే చెప్పి కట్టేవాళ్ళూ ఉన్నారు. దానికి నూట నలభై నుంచి ఆరేడు వందల దాకా ఇస్తారు.

ఇప్పుడు గింజ ఎక్కడ రాలుతోందో చూడాలి. ఒక్క అంకె తగిలే అవకాశం పదింట ఒకటి. న్యాయంగా ఇస్తే రూపాయికి పది ఇవ్వాలి, తొమ్మిదే ఇస్తారు. అంటే కట్టిన ప్రతి పది రూపాయల్లో ఒకటి కంపెనీది. బ్రాకెట్‌కు న్యాయమైన ధర వంద. తొంభై ఇస్తే కోత నూటికి పది, ఎనభై ఇస్తే ఇరవై, డెబ్బై ఇస్తే ముప్పై. ముంబైకి, మన బజారుకు మధ్య దూరం పెరిగేకొద్దీ కోత కూడా పెరిగింది. యార్డులో రైతు మీద పడే కోతల గురించి సీమలో ఎన్ని ధర్నాలు జరగలేదు! నూటికి ముప్పై కోత మీద ఒక్క గొంతూ లేవలేదు, ఎందుకంటే అది పట్టీ మీద కోతగా రాయరు, ‘రూపాయికి డెబ్బై’ అని రాస్తారు. డెబ్బై అన్న అంకె పెద్దది. దాని వెనక లేని ముప్పై కనబడదు. మూడు అంకెల వరసలోనూ కోత తప్పదు. మూడూ ఒకే అంకె అయ్యే వరస, ఉదాహరణకు 777, వెయ్యింట ఒకసారి వస్తుంది. ఇచ్చేది ఆరేడు వందలు.

ఈ లెక్కంతా అంకెలు నిజాయితీగా తీస్తారనుకుంటేనే. ఏ అంకె మీద తక్కువ డబ్బు పడిందో చూసుకుని ఆ అంకెనే తీస్తారన్న ఆరోపణ బొంబాయి రోజుల నుంచీ ఉంది. అదే నిజమైతే పదిమందికి నచ్చిన నంబరు కట్టినవాడి గతి ఇంకా అధ్వానం.

సగటు నష్టం చూస్తే పెద్ద మొత్తంగా తోచదు. రోజుకు ఇరవై రూపాయలు ఒక్క అంకె మీద కట్టేవాడు సగటున రోజుకు రెండు రూపాయలే పోగొట్టుకుంటాడు. టీ డబ్బు కూడా కాదు. మరి కొంపలు ఎలా కూలుతున్నాయి? సగటు అందరికీ సమానంగా పంచదు గనక. వంద రోజులు వరసగా రోజుకో బ్రాకెట్ కట్టినా వందమందిలో సుమారు 37 మందికి ఒక్కసారీ తగలదు. వాళ్ళు ఆగరు, పోయింది రాబట్టుకోవాలని మొత్తం పెంచుతారు. పదితో మొదలుపెట్టి పోయినప్పుడల్లా రెండింతలు కడుతూ పోతే, పదోసారికి అప్పటిదాకా కట్టింది 10,230 రూపాయలు. ఒక్క అంకె మీద వరసగా పదిసార్లు తప్పడం వింత కాదు, వందలో 35 సార్లు జరిగేదే. ప్రాణం తీసేది కంపెనీ కోత కాదు, ఈ వెంటబడి కట్టడం. అప్పు అక్కడ పుడుతుంది. తగిలినవాడి సంగతి మాత్రం ఊరంతా తెలుస్తుంది, తప్పినవాడు నోరు మెదపడు. హోటలు ముందు బెంచీ మీద ‘ఓపెన్ ఏమొచ్చిందప్పా?’ అని అడిగేవాళ్ళే గాని ‘ఈ ఏడాది ఎంత పోయిందప్పా?’ అని అడిగేవాడు ఉండడు.

ఆడేవాళ్ళ మాటలు జాగ్రత్తగా వింటే అదృష్టం అన్న పదం అరుదు. ‘లెక్క తప్పింది’ అంటారు. పాత ఫలితాల చార్టులు దగ్గర పెట్టుకుంటారు. పోయిన వారం ఇదే రోజు ఏమొచ్చింది, ఏ అంకె ఎన్నాళ్ళుగా రాలేదు, వచ్చిన అంకెకు ఎదురు అంకె ఏది, ఇలా గంటలు గంటలు కూర్చుంటారు. అంత శ్రద్ధ చదువు మీద పెట్టి ఉంటే అని పెద్దవాళ్ళు అనేది ఊరికే కాదు. ఇది కాక కలలున్నాయి. పాము కనబడితే ఒక అంకె, శవం కనబడితే ఇంకొకటి. ఊరి చివర మాట్లాడకుండా తిరిగే అవధూత ఎన్ని వేళ్ళు చూపించాడు, ఎన్ని రాళ్ళు విసిరాడు అని లెక్కపెట్టి కట్టినవాళ్ళ కథలు వినని ఊరు సీమలో ఉండదేమో. చార్టు చూసేవాడికీ, అవధూత వెంట తిరిగేవాడికీ తేడా ఉందని చార్టు చూసేవాడు నమ్ముతాడు. మూడు అంకెలకు నిన్న ఏం వచ్చిందో గుర్తుండదు. పన్నెండు రోజులుగా రాని అంకె పదమూడో రోజు రావడానికి అవకాశం మళ్ళీ పదింట ఒకటే.

ఇంత అన్యాయమైన బేరం అరవై ఏళ్ళుగా ఎలా నడుస్తోంది? దీనికి జవాబు మళ్ళీ వ్యాపారంలోనే ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. తగిలిన డబ్బు ఇవ్వలేదని కోర్టుకు పోలేం. ఘేరులాల్ పరఖ్ కేసులో 1959లో సుప్రీంకోర్టు ఇంకో మెలిక చెప్పింది: పందెం ఒప్పందం చెల్లదు నిజమే, అంతమాత్రాన అది చట్టం నిషేధించిన ఒప్పందం కాదు అని. ఆ సందు సంగతి వకీళ్ళకు వదిలేద్దాం. బజారులో దీని అర్థం ఒక్కటే, పట్టీకి కోర్టులో విలువ లేదు, బీటరు మాటకే విలువ. అందుకే తగిలితే వెంటనే చేతికిచ్చే బీటరుకే గిరాకీ. పెద్ద మొత్తం తగిలిన రోజు ఊరొదిలి పోయేవాడూ ఉంటాడు, వాడి వీధిలోకి మర్నాడే ఇంకో బీటరు వస్తాడు. ఒకే అంకె మీద మోయలేనంత డబ్బు పడితే చిన్న కంపెనీ అందులో కొంత పైకంపెనీకి మళ్ళించి బరువు దించుకుంటుంది. ఇంత కట్టుదిట్టంగా నడిచే సంస్థలో నష్టభయం లేనివాడు బీటరు, నష్టం పంచుకునేవాడు కంపెనీవాడు, నష్టం మోసేవాడు కట్టేవాడు. అరెస్టయ్యేది ఎక్కువగా బీటరు.

సీమలో జూదం ఎందుకు ఎక్కువ అంటే తయారుగా ఉన్న జవాబు కరువు. ఆకాశం వైపు చూసి విత్తనం వేసేవాడికి, నీళ్ళు పడతాయో లేదో తెలియకుండా బోరు మీద బోరు వేసేవాడికి, నంబరు కట్టడం కొత్త సాహసం కాదని. వినసొంపుగా ఉంటుంది గాని నాకు నచ్చదు. మూడు పంటలు పండే గోదావరి డెల్టాలో సంక్రాంతికి కోళ్ళ మీద కోట్లు చేతులు మారుతాయి. అక్కడ కరువేది? వానకూ జూదానికీ నేరుగా ముడి పెట్టాలంటే కలకత్తా పోవాలి. పందొమ్మిదో శతాబ్దంలో బడాబజారులో వాన పడుతుందా లేదా అన్నదాని మీదే పందేలు నడిచాయి, దాన్ని ఆపడానికి 1897లో బెంగాలులో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. అక్కడ కట్టినవాళ్ళు మారుబేరగాళ్ళు, రైతులు కారు. కరువు మనిషిని జూదగాణ్ణి చేయదు. చేతిలో పెట్టుబడి లేనివాడికి బజారులో తెరిచి ఉన్న వ్యాపారం ఏది అన్నదే అసలు ప్రశ్న. పత్తి నిల్వ పెట్టి ధర కోసం ఆగాలంటే గోదాము కావాలి. బంగారం కొని ఆగాలంటే లక్షలు కావాలి. పత్తికొండ మార్కెట్లో టమోటా ధర కూలిన రోజు గంపలు రోడ్డు మీద పారబోసి పోయే రైతుకు ఆగే వీలు లేదు. పది రూపాయలతో ఓపెన్‌లో దిగి సాయంత్రానికల్లా క్లోజ్ చూసే బేరం మట్కా ఒక్కటే ఇచ్చింది. అది మోసపు బేరమే. కానీ పేదవాణ్ణి పిలిచిన బేరం.

తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో వజ్రాల కోసం జనం తిరగడాన్ని కూడా కొందరు మట్కాతో కలిపి తిడతారు. కలపకూడదు. అక్కడ వెతికేవాడు ఖర్చుపెట్టేది తన నడుము నొప్పి, రెండు రోజుల కూలి. దొరికినా దొరక్కపోయినా ఆ నేలలో ఎవరూ కోత కోయరు. కోత పడేది దొరికాక, రాయి ధర కట్టే వ్యాపారి దగ్గర.

ఉగాది పేకాట సంగతీ వేరే. పండగ నాడు నాలుగు ఆటలు ఆడితే ఏడాది కలిసొస్తుందన్న నమ్మకం సీమ పల్లెల్లో పాతది. లోపల బయట, మూడు ముక్కలాట చెట్టుకింద నడుస్తాయి. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళ డబ్బు వాళ్ళ మధ్యే తిరుగుతుంది. ఒకరు పోగొట్టుకున్నది ఇంకొకరి జేబులో ఉంటుంది, కళ్ళెదుటే. ఆ ఆట పెట్టి వాటా తీసుకునే క్లబ్బు వచ్చేసరికి మళ్ళీ వ్యాపారమే.

చట్టం ఈ తేడాను వేరేగా గీసింది. కర్నూలు, కడపల్లో మొదట 1930 నాటి మద్రాసు జూద చట్టం ఉండేది, హైదరాబాదు రాష్ట్రానికి వేరే చట్టం. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీలో నేర్పు పాలే ఎక్కువ అని తేల్చింది. మూడు ముక్కలాట మాత్రం కేవలం అదృష్టమని అంది. 1974లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి ఒకే జూద చట్టం వచ్చింది. అందులో జూదానికి ఇచ్చిన నిర్వచనంలోనే మట్కా, సట్టా పేర్లు చేరాయి. పుట్టిన పన్నెండేళ్ళకే బొంబాయి కుండ ఆంధ్ర చట్టంలోకి ఎక్కింది. రమ్మీకి దొరికిన ‘నేర్పు’ వాదన మట్కాకు ఆనాటి నుంచే మూసుకుపోయింది. చార్టు ముందు కూర్చుని తనది నేర్పేనని నమ్మేవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని చేర్చింది. నిర్వాహకుడికి మొదటిసారి ఏడాది జైలు, మళ్ళీ దొరికితే రెండేళ్ళు, ఆడినవాడికి ఆరు నెలలు. రమ్మీ యాప్‌లను ఆపడానికే ముఖ్యంగా చేసిన పని అది. మట్కా అప్పటికే కాగితం వదిలి ఫోనెక్కింది. నంబరు వాట్సాప్‌లో, డబ్బు ఫోన్ చెల్లింపులో. పట్టీ లేదు గనక స్వాధీనం చేసుకోవడానికి ఫోనే మిగిలింది. కుర్రవాళ్ళు క్రికెట్ బెట్టింగుకు మళ్ళారు. ప్రొద్దుటూరు పేరు ఇప్పుడు మట్కాతో సమానంగా క్రికెట్ పందేలతోనూ వినబడుతోంది. వయసు మళ్ళినవాళ్ళు మాత్రం పాత అంకెలను వదల్లేదు. సినిమావాళ్ళకు ఈ మార్పులతో పని లేదు. 1975లో ధర్మాత్మా నుంచి 2024లో విశాఖ నేపథ్యంగా వచ్చిన తెలుగు ‘మట్కా’ దాకా కుండ తిప్పే పెద్దమనిషే వాళ్ళకు కావలసింది. నూటికి ముప్పై కోత తెర మీద పండదు మరి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను నేర్పు, అదృష్టం అన్న భేదం లేకుండా నిషేధించింది. నడిపేవాడికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాడికి శిక్ష లేదు, చట్టం అతణ్ణి నష్టపోయినవాడిగానే చూసింది. మా జిల్లాల్లో ఒకే మనిషి పొద్దున బీటరు నోటుబుక్కులో నంబరు రాయించుకుని, సాయంత్రం అదే బీటరుకు వాట్సాప్‌లో ఇంకో నంబరు పంపుతాడు. పొద్దుటి పనికి రాష్ట్ర చట్టం కింద అతను ముద్దాయి. సాయంత్రం పనికి కేంద్ర చట్టం వర్తిస్తుందో లేదో, వాట్సాప్‌లో పంపిన నంబరు ‘ఆన్‌లైన్ ఆట’ కిందికి వస్తుందో రాదో కోర్టులు తేల్చాలి. వస్తుందని తేల్చితే పొద్దున ముద్దాయి అయినవాడు సాయంత్రానికి బాధితుడవుతాడు. శిక్ష బీటరును దాటి కంపెనీ దాకా పోతుందా అన్నది మాత్రం రెండు చట్టాల్లోనూ కాగితం మీద కాదు, దర్యాప్తులో తేలాల్సిన సంగతి.